వెడ్డింగ్ ప్లానర్ వృత్తికి సన్నద్ధత: సూరత్ శివారు జోల్వా నుంచి తెలుగు పెళ్లి పందిరి వరకు

జోల్వా (సూరత్): వివాహ నిర్వహణ ఒకప్పుడు మేనమామల, పెదనాన్నల బాధ్యత. నేడు అది స్వతంత్ర వృత్తి. 2024 నవంబరు, డిసెంబరు సీజన్‌లో దేశవ్యాప్తంగా సుమారు 48 లక్షల వివాహాలు, దాదాపు 6 లక్షల కోట్ల రూపాయల వ్యాపారం జరుగుతాయని అఖిల భారత వర్తకుల సమాఖ్య (సీఏఐటీ) అంచనా వేసింది. ఇటువంటి అంచనాలను కొంత తగ్గించి చూసినా, ఈ రంగంలో ఉపాధికి కొరత లేదన్నది స్పష్టం. 2010లో విడుదలైన ‘బ్యాండ్ బాజా బారాత్’ వంటి హిందీ చిత్రాలు ఈ వృత్తికి పూలు, దీపాలు, నృత్యాలతో కూడిన ఆకర్షణీయమైన రూపాన్ని ఇచ్చాయి. వాస్తవంలో వెడ్డింగ్ ప్లానర్ చేతిలో ఉండేవి రెండే: ఇతరుల డబ్బు, ఇతరుల సమయం. అలంకరణను అద్దెకు తెచ్చుకోవచ్చు. ఈ రెండింటికి లెక్క చెప్పగల సామర్థ్యాన్ని మాత్రం ఎవరికి వారే సంపాదించుకోవాలి.

సంపన్నుల డెస్టినేషన్ వివాహాల్లో ఒక పొరపాటు జరిగితే కొంత అదనపు ఖర్చుతో సర్దుకుంటుంది. మరమగ్గాలపై, మిల్లుల్లో పనిచేసే కుటుంబాల వివాహంలో అదే పొరపాటు ఏళ్ల పొదుపును హరిస్తుంది. అందువల్ల ఈ వృత్తికి అవసరమైన సన్నద్ధతను సూరత్ జిల్లా జోల్వా వంటి కార్మిక ప్రాంతం నుంచి పరిశీలించడం ఉపయుక్తం.

జోల్వా నేపథ్యం

జోల్వా గ్రామం పల్సానా తాలూకాలో, కడోదరా పారిశ్రామిక ప్రాంతానికి సమీపంలో ఉంది. ముంబయి, అహ్మదాబాద్ నగరాలను కలిపే 48వ నంబరు జాతీయ రహదారి ఈ తాలూకా మీదుగానే సాగుతుంది. వస్త్ర పరిశ్రమను ఆశ్రయించి ఉత్తర్‌ప్రదేశ్, బిహార్, ఒడిశా, మహారాష్ట్రల నుంచి వచ్చిన కుటుంబాలు ఈ పరిసరాల్లో నివసిస్తున్నాయి. సూరత్ నగరంలో, ముఖ్యంగా లింబాయత్, పర్వత్ పాటియా వైపు, తెలుగువారి జనాభా గణనీయం. వీరిలో అధికులు ఉమ్మడి కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి తరలివచ్చిన పద్మశాలీ చేనేత కుటుంబాలవారు. షోలాపూర్, భివండీల మాదిరిగానే సూరత్ కూడా తెలంగాణ నేతన్నల వలస చరిత్రలో ముఖ్య మజిలీ. నగరపాలక సంస్థ పరిధిలో తెలుగు మాధ్యమ ప్రాథమిక పాఠశాలలు నడవడం ఈ సమాజం ఇక్కడ ఎంతగా వేళ్లూనుకున్నదో తెలియజేస్తుంది.

ఇక్కడ పుట్టిపెరిగిన తరానికి గుజరాతీ, హిందీ, తెలుగు మూడూ వచ్చు. ఇంట్లో ఒడిబియ్యం పోయడం చూసినవారు, పొరుగింట్లో మామేరు వేడుక కూడా చూసి ఉంటారు. వివాహ నిర్వహణ వృత్తిలో ఈ బహుభాషా, బహుసంప్రదాయ పరిచయం ఏ డిప్లొమాకూ తీసిపోని పెట్టుబడి. వధువు తల్లిదండ్రులు తెలుగులో చెప్పిన కోరికను గుజరాతీ డెకరేటర్‌కు, ఒడియా విద్యుత్ కార్మికునికి, హిందీ మాట్లాడే వంటవారికి తేడా రాకుండా చేరవేయగలవారికి ఈ నగరంలో గిరాకీ ఉంటుంది.

రెండు పంచాంగాలు, ఒకే నగరం

వృత్తిలోకి రాదలచినవారు మొదట చదవవలసినది పంచాంగం. జ్యోతిషంపై వ్యక్తిగత విశ్వాసం ఉందా లేదా అన్నది ఇక్కడ అప్రస్తుతం. కల్యాణ మండపాల అద్దెలు, పూల ధరలు, వంటవారి లభ్యత అన్నీ ముహూర్తాలను బట్టే పెరుగుతాయి, తగ్గుతాయి.

గుజరాతీలు, తెలుగువారు ఇరువురూ అమావాస్యతో ముగిసే చాంద్రమాసాలనే పాటిస్తారు. అయితే గుజరాతీల సంవత్సరం దీపావళి మరునాడు కార్తికంతో ఆరంభమవుతుంది. ఆషాఢ శుద్ధ ఏకాదశి నుంచి కార్తిక శుద్ధ ఏకాదశి వరకు సాగే చాతుర్మాస్యంలో గుజరాతీ కుటుంబాలు సాధారణంగా వివాహాలు జరపవు. తెలుగువారు ఆషాఢాన్ని విడిచిపెట్టినా, శ్రావణం వారికి ముఖ్యమైన పెళ్లిళ్ల మాసం. అంటే సూరత్‌లోని మండపాలు చాలావరకు ఖాళీగా ఉండే కాలంలో తెలుగు కుటుంబాలకు ముహూర్తాలు ఉంటాయి. అద్దె బేరమాడేందుకు ఇంతకు మించిన అవకాశం ఏడాదిలో మరొకటి ఉండదు. ఇందుకు భిన్నంగా వసంత పంచమి, అక్షయ తృతీయ వంటి రోజుల్లో అన్ని సమాజాలవారూ ఒకేసారి మండపాలకు పోటీపడతారు. ‘అఖా త్రీజ్’గా పిలిచే అక్షయ తృతీయను గుజరాతీలు ప్రత్యేకంగా ముహూర్తం చూడనవసరం లేని రోజుగా భావిస్తారు. డిసెంబరు మధ్య నుంచి సంక్రాంతి వరకు మాత్రం తెలుగువారి ధనుర్మాసం, గుజరాతీల ‘కమూర్తా’ ఏకకాలంలో వస్తాయి. ఆ నెల రోజులు వృత్తిదారులకు దాదాపు విరామమే. గురు, శుక్ర మౌఢ్యాలు వచ్చిన సంవత్సరంలో ఈ విరామం మరింత పెరుగుతుంది కనుక, ఏడాది ఆదాయాన్ని పన్నెండు నెలలకు సమంగా పంచి లెక్కవేయడం సరికాదు.

శ్రావణంలో లభించే చౌక అద్దె వెనుక వాన ఉంటుంది. 2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుంచి విడుదలైన నీటితో తాపీ నది పొంగి సూరత్‌లో అధికభాగం మునిగినప్పుడు నడుస్తున్నది శ్రావణమే. అంతటి విపత్తు అరుదైనా, తెలుగువారు ఎక్కువగా నివసించే లింబాయత్ పరిసరాల్లోకి మీఠీ ఖాడీ వరద నీరు చేరడం నగరవాసులకు పరిచితమే. ఈ మాసంలో తెలుగు వివాహాన్ని ఒప్పుకునే నిర్వాహకులు మైదానంలో పందిరి వేయించరాదు. మండపం ఎంత ఎత్తున ఉంది, పార్కింగ్ స్థలంలో నీరు నిలుస్తుందా, ఒక దారి మూసుకుపోతే మరొక దారి ఉందా అన్న సంగతులను బయానా ఇచ్చే ముందే, వీలైతే భారీ వర్షం కురిసిన రోజున, స్వయంగా వెళ్లి చూడాలి.

ఇంకొక సూక్ష్మాంశం తరచు దృష్టిని తప్పించుకుంటుంది. స్వస్థలంలోని పురోహితుడు తెలుగు ప్రాంతపు పంచాంగాన్ని అనుసరించి లగ్నం నిర్ణయిస్తారు. సూరత్ రేఖాంశం దాదాపు 72.8 డిగ్రీలు, కరీంనగర్‌ది దాదాపు 79.1 డిగ్రీలు. ఒక్కో డిగ్రీకి 4 నిమిషాల చొప్పున ఈ రెండు ఊళ్ల స్థానిక కాలాల మధ్య సుమారు 25 నిమిషాల వ్యత్యాసం ఉంటుంది. లగ్న ప్రవేశం, సూర్యోదయంపై ఆధారపడే రాహుకాలం, దుర్ముహూర్తం ఆ మేరకు మారతాయి. ముహూర్తం కరీంనగర్‌కు గణించినదా, సూరత్‌కు గణించినదా అని లగ్నపత్రిక ముద్రణకు ముందే పురోహితుని అడగడం నిర్వాహకుల విధి. శుభలేఖలు పంచిన తరువాత ఈ ప్రశ్న తలెత్తితే రెండు కుటుంబాల మధ్య మనస్పర్థకు అదే బీజమవుతుంది.

ముహూర్తం నుంచి వెనక్కి

సాధారణ ఈవెంట్ నిర్వహణలో కార్యక్రమం కొంత ఆలస్యమైనా సర్దుబాటు సాధ్యమే. తెలుగు వివాహంలో జీలకర్ర బెల్లం పెట్టే క్షణం కదలదు. అందుకే తెలుగు పెళ్లి ప్రణాళికను ఆ క్షణం నుంచి వెనక్కి రాసుకుంటూ రావాలి.

ఉదాహరణకు సుముహూర్తం ఉదయం 10 గంటల 42 నిమిషాలకు అనుకుందాం. గౌరీపూజ, వరపూజ, కన్యాదానాలకు తమ పద్ధతిలో రెండు గంటలు పడుతుందని పురోహితుడు చెబితే, ఎనిమిదిన్నరకు వధువు పీటలపై ఉండాలి. అలంకరణకు మూడు గంటలు, చీర కట్టి బయలుదేరడానికి మరో అరగంట లెక్కిస్తే, మేకప్ కళాకారిణి ఉదయం అయిదు గంటలకే పని మొదలుపెట్టాలి. పూలజడ అప్పటికి చేరి ఉండాలి, అంటే పూలవారికి ముందురోజు సాయంత్రమే గుర్తుచేయాలి. వరుని బంధువులు జోల్వా నుంచి నగరంలోని మండపానికి రావలసి ఉంటే, ఉదయం వేళ రహదారిపై సరుకు లారీల రద్దీని లెక్కలోకి తీసుకుని బస్సు ఆరున్నరకే కదలాలి. ఆ బస్సుకు డ్రైవర్ ఎవరు, రాత్రి ఎక్కడ పడుకున్నాడు, అతని ఫోన్ నంబరు ఎవరి దగ్గర ఉంది అన్నవి చిన్న ప్రశ్నలుగా కనిపిస్తాయి. పెళ్లి ఆలస్యాలకు మూలం చాలాసార్లు ఇక్కడే దొరుకుతుంది.

ఈ సమయపట్టికను కుటుంబానికి ఒకటి, పురోహితునికి ఒకటి, వంట, అలంకరణ, ఛాయాగ్రహణ బృందాలకు ఒక్కొక్కటి చొప్పున వారి వారి భాషల్లో ఇవ్వాలి. ఫోటోగ్రాఫర్‌కు ఇచ్చే ప్రతిలో ముహూర్త సమయాన ఆయన ఎక్కడ నిలబడరాదో కూడా రాయడం మేలు. అడ్డుతెర తొలగే క్షణంలో వధూవరుల తల్లిదండ్రులకు కెమెరాల వీపులు మాత్రమే కనిపించే పెళ్లిళ్లు ఇప్పుడు సర్వసాధారణమయ్యాయి.

బంధువుల ప్రయాణం మరొక అధ్యాయం. అహ్మదాబాద్, చెన్నైల మధ్య నడిచే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ సూరత్ మీదుగా వెళ్లి వరంగల్, విజయవాడలను తాకుతుంది. సూరత్‌లోని తెలంగాణ కుటుంబాలకు ఇది చిరపరిచితమైన రైలు. రైల్వే ముందస్తు రిజర్వేషన్ వ్యవధి 2024 నవంబరు 1 నుంచి 120 రోజులకు బదులు 60 రోజులకు తగ్గింది. మూడు నెలల ముందే ముహూర్తం ఖరారైనా టికెట్లు అప్పుడే దొరకవు. కిటికీ తెరుచుకునే తేదీని నిర్వాహకులు తమ క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోవాలి. పెద్ద బృందాలు ఐఆర్‌సీటీసీ ద్వారా ఎఫ్‌టీఆర్ పద్ధతిలో ప్రత్యేక బోగీ కోరవచ్చు, అయితే దాని ఖర్చు సాధారణ చార్జీ కంటే బాగా ఎక్కువ.

క్రతువు తెలిసి ఉండటం

నిర్వాహకులు మంత్రాలు నేర్వనవసరం లేదు గానీ, ఏ క్రతువుకు ఏ వస్తువు, ఎవరి చేతిలో, ఎప్పుడు ఉండాలో తెలిసి ఉండాలి. తెలంగాణ కుటుంబాల్లో పోచమ్మ బోనం, మైలపోలు, ఐరేణి కుండలు, ఎదుర్కోళ్లు, నాగవెల్లి, ఒడిబియ్యం వంటి ఆచారాలు ఉంటాయి. కోస్తా, రాయలసీమ కుటుంబాల్లో స్నాతకం, స్థాలీపాకం వంటి వాటి వరుస, ప్రాధాన్యం వేరుగా ఉండవచ్చు. ఒకే కులంలోనూ ఇంటి పేరును బట్టి పద్ధతులు మారతాయి. కనుక ఇంటిలోని అతి పెద్ద వయసు స్త్రీని కలిసి గంటసేపు మాట్లాడి రాసుకోవడం ఈ వృత్తిలో అత్యంత ఫలవంతమైన సమావేశం. ‘మా ఇంట్లో ఇలా చేయరు’ అన్న మాట పెళ్లి రోజున వినిపిస్తే, ఆ గంట వెచ్చించలేదని అర్థం. ఐరేణి కుండలకు రంగులు వేసే కుమ్మరి కుటుంబం, సన్నాయి, డోలు వాయించే బృందం సూరత్‌లో కోరిన వెంటనే దొరకకపోవచ్చు. వాటిని స్వస్థలం నుంచి రప్పించే ఏర్పాటుకు కనీసం రెండు నెలల గడువు ఉంచుకోవాలి.

గుజరాతీ వివాహంతో పోలిక తెలిస్తే పని తేలికవుతుంది. తెలుగువారి అడ్డుతెరకు అక్కడి సమానార్థకం ‘అంతర్‌పట్’. మన మేనమామ లాంఛనాలకు దగ్గరిది ‘మామేరు’. పసుపు రాసే నలుగును వారు ‘పీఠీ’ అంటారు. వరుని ఊరేగింపు ‘జాన్’, వధూవరుల చేతులు కలిపే ఘట్టం ‘హస్తమేళాప్’. వారి మంగళ ఫేరాలు నాలుగు. ఈ పదాలు తెలిసిన నిర్వాహకులు స్థానిక డెకరేటర్‌తో ‘అంతర్‌పట్ లాంటిదే, కానీ ఇద్దరు నిలబడి పట్టుకునేంత పొడవు ఉండాలి’ అని ఒక్క వాక్యంలో చెప్పి పని ముగించగలరు. తెలుగు, గుజరాతీ కుటుంబాల మధ్య సంబంధం కుదిరినప్పుడు ఇరుపక్షాలకూ ఏది ఎందుకో వివరించే బాధ్యత కూడా వీరిదే అవుతుంది.

భోజనాల విషయంలో ఒక హెచ్చరిక. సూరత్‌లో సమాజ సంఘాలు నిర్వహించే ‘వాడీ’ల్లో మాంసాహారానికి అనుమతి లేనివి అనేకం. తెలంగాణ కుటుంబాలు పెళ్లి మరునాడు లేదా వేరొక విందులో మాంసాహారం వడ్డించాలనుకుంటే ఆ విందుకు వేరే చోటు చూడవలసి ఉంటుంది. మద్యం సంగతి మరింత తీవ్రమైనది. గుజరాత్‌లో మద్యనిషేధ చట్టం అమలులో ఉంది. తెలుగు రాష్ట్రాల నుంచి వచ్చే బంధువులు అలవాటుగా సామానులో సీసాలు తెస్తే అది నేరమవుతుంది. ఈ విషయాన్ని శుభలేఖతో పాటు వెళ్లే ప్రయాణ సూచనల్లో మర్యాదగా, స్పష్టంగా రాయించే నిర్వాహకులు ఆ కుటుంబానికి గొప్ప మేలు చేసినవారవుతారు.

చట్టం అడిగే ప్రశ్నలు

తొలి సమావేశంలోనే వధూవరుల వయసు ధ్రువపత్రాలు చూడాలి. బాల్యవివాహ నిషేధ చట్టం, 2006 ప్రకారం వధువుకు 18, వరునికి 21 సంవత్సరాలు నిండాలి. బాల్యవివాహాన్ని జరిపించినవారికి, నిర్వహించినవారికి, అందుకు సహకరించినవారికి రెండేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. డబ్బు తీసుకుని ఏర్పాట్లు చేసినవారు దీని పరిధిలోకి రారని భావించడం ప్రమాదకరం. వరకట్న నిషేధ చట్టం, 1961 కింద కట్నం ఇవ్వడం, పుచ్చుకోవడం రెండూ నేరాలే. వధూవరులకు స్వచ్ఛందంగా వచ్చిన కానుకల జాబితాను రాతపూర్వకంగా భద్రపరచాలని 1985 నాటి నిబంధనలు చెబుతున్నాయి. ఈ జాబితా తయారీని సేవల్లో భాగం చేయడం సులువు. ఆచరణలో దాదాపు ఎవరూ చేయకపోవడమే విచిత్రం.

వివాహ రిజిస్ట్రేషన్‌కు గుజరాత్‌లో 2006 నాటి చట్టం, తెలుగు రాష్ట్రాల్లో 2002 నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టం వర్తిస్తాయి. పెళ్లి ఎక్కడ జరుగుతుందన్న దానిపై మరికొన్ని విషయాలు ఆధారపడతాయి. తెలంగాణలో 2014 అక్టోబరు 2న ఆరంభమైన కల్యాణలక్ష్మి పథకం ఆ రాష్ట్ర నివాసి అయిన వధువు కుటుంబానికి ఉద్దేశించినది. సూరత్‌లో స్థిరపడి, ఆధార్, రేషన్ కార్డు ఇక్కడికి మార్చుకున్న కుటుంబం పెళ్లిని స్వగ్రామంలో చేసినంత మాత్రాన ఆ సాయానికి అర్హత పొందదు. ఈ సంగతి ముందుగా చెప్పకుంటే, రాని సొమ్మును నమ్ముకుని అప్పు చేసే ప్రమాదం ఉంది.

తెలుగువారి రాత్రి ముహూర్తాలకు సంబంధించి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు, 2000 ముఖ్యమైనవి. రాత్రి 10 నుంచి ఉదయం 6 గంటల వరకు లౌడ్ స్పీకర్లు మాత్రమే కాదు, వాద్యాలపైనా నియంత్రణ ఉంది. కల్యాణ మండపం, సమావేశ మందిరం వంటి మూసి ఉన్న ప్రాంగణాల లోపల మాత్రం మినహాయింపు వర్తిస్తుంది. తెల్లవారుజామున మూడు గంటలకు మాంగల్యధారణ ఉన్నప్పుడు బహిరంగ మైదానంలో మేళం మోగించడం కుదరదు. గోడలు, పైకప్పు ఉన్న మండపాన్ని ఎంచుకోవడానికి ఇది మరో కారణం. పాటల విషయంలో కొంత ఊరట ఉంది. వివాహ ఊరేగింపు, వివాహ సంబంధిత వేడుకల్లో సంగీతం వినిపించడం కాపీరైట్ ఉల్లంఘన కాదని చట్టంలోని 52వ సెక్షన్ పేర్కొంటోంది. దీని ఆధారంగా పెళ్లిళ్లలో రాయల్టీ వసూలు తగదని పరిశ్రమలు, అంతర్గత వాణిజ్య ప్రోత్సాహక విభాగం 2023 జులైలో ప్రకటన ఇచ్చింది. ఆ ప్రకటన ప్రతిని ఫోన్‌లో ఉంచుకోవడం మంచిది.

2022 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ నిషేధం పందిరికి నేరుగా వర్తిస్తుంది. అలంకరణకు వాడే థర్మకోల్, ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, మిఠాయి పెట్టెలపైన, శుభలేఖలపైన చుట్టే పలుచని ప్లాస్టిక్ పొర అన్నీ నిషిద్ధ జాబితాలో ఉన్నాయి.

నిప్పు

ఇది విడిగా చెప్పుకోవలసిన అంశం. సూరత్ చౌకైన పాలిస్టర్ వస్త్రానికి పెట్టింది పేరు. పందిరి పైకప్పు నుంచి కుర్చీల తొడుగుల వరకు మీటర్ల కొద్దీ కృత్రిమ వస్త్రాన్ని తక్కువ ధరకు తెచ్చి వేలాడదీయడం ఇక్కడ సులభం. ఆ వస్త్రం అంటుకుంటే కరుగుతూ మీద పడుతుంది. 1995 డిసెంబరు 23న హరియాణాలోని డబ్వాలీలో ఒక వివాహ వేదికలో జరుగుతున్న పాఠశాల వేడుకలో షామియానాకు మంటలు అంటుకుని 400 మందికి పైగా మరణించారు. మృతుల్లో అధికులు చిన్నారులు. సూరత్‌లోనే 2019 మే 24న తక్షశిల వాణిజ్య సముదాయంలో జరిగిన అగ్నిప్రమాదం 22 మంది విద్యార్థులను బలిగొంది. ఈ నగరంలో అగ్నిమాపక ధ్రువీకరణ గురించి అడగడానికి మొహమాటపడవలసిన పని లేదు.

తాత్కాలిక పందిళ్లలో అగ్ని జాగ్రత్తలకు భారతీయ ప్రమాణాల సంస్థ ‘ఐఎస్ 8758’ పేరిట మార్గదర్శకాలు రూపొందించింది. వృత్తిలోకి వచ్చేవారు దానిని తప్పక చదవాలి. హోమగుండం పైభాగంలో వస్త్రం వేలాడకుండా చూడడం, వంటశాలను పందిరికి ఆనించి కట్టనివ్వకపోవడం, విద్యుత్ తీగల అతుకులను వస్త్రానికి దూరంగా ఉంచడం, జనరేటర్‌ను, దాని డీజిల్‌ను వేరుగా పెట్టించడం, బయటికి వెళ్లే దారులకు అడ్డంగా పూల తోరణాలు, సెల్ఫీ ఫ్రేములు లేకుండా చేయడం ఆచరణలో చేయవలసిన పనులు. అందమైన ప్రవేశద్వారం ఒక్కటే ఉండి, వెనుక దారి కుర్చీల గుట్టతో మూసుకుపోయిన మండపాలు ఎన్నో కనిపిస్తాయి. అటువంటి చోట ఆ కుర్చీలు తొలగించే వరకు అతిథులను లోనికి పంపకుండా నిలబడగలగాలి. యజమానితో ఈ ఘర్షణకు సిద్ధపడనివారు వేరే వృత్తి చూసుకోవడం ఉత్తమం.

డబ్బు లెక్క

పారితోషికం తీసుకునే పద్ధతులు స్థూలంగా మూడు. మొత్తం ఖర్చులో శాతం, ముందుగా నిర్ణయించిన రుసుము, విక్రేతల నుంచి కమీషన్. శాతం పద్ధతిలో ఖర్చు పెరిగిన కొద్దీ నిర్వాహకుల ఆదాయం పెరుగుతుంది. కుటుంబానికి పొదుపు నేర్పవలసిన వ్యక్తికి దుబారాలో వాటా ఉండడం సబబు కాదు. విక్రేత కమీషన్‌ను దాచిపెట్టడం అంతకంటే హీనం. పదిమంది పక్కపక్క మగ్గాలపై పనిచేసే బస్తీల్లో అది ఎంతో కాలం దాగదు కూడా. పరిమిత ఆదాయం గల కుటుంబాలతో పనిచేసేవారికి స్థిర రుసుము పద్ధతే తగినది.

బిల్లింగ్ విధానానికి పన్నుతో సంబంధం ఉంది. సేవలందించేవారి వార్షిక టర్నోవర్ 20 లక్షల రూపాయలు దాటితే జీఎస్‌టీ నమోదు అవసరం. ఈవెంట్ నిర్వహణ సేవలపై పన్ను 18 శాతం. మండపం, భోజనం, పూలు అన్నిటి సొమ్మునూ నిర్వాహకులే స్వీకరించి తమ పేరిట బిల్లు ఇస్తే ఆ మొత్తమంతా వారి టర్నోవరే. మధ్యతరగతి పెళ్లిళ్లు నాలుగయిదు చేసేసరికే ఆ పరిమితి దాటిపోతుంది. కుటుంబమే విక్రేతలకు నేరుగా చెల్లించి, నిర్వాహకులు తమ రుసుముకు మాత్రమే బిల్లు ఇచ్చే ఏర్పాటు తొలి సంవత్సరాల్లో సులువు, సురక్షితం. ఒక సందర్భానికి సంబంధించి ఒక వ్యక్తి నుంచి 2 లక్షల రూపాయలు, అంతకు మించి నగదు స్వీకరించడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధిస్తోంది. ఉల్లంఘిస్తే తీసుకున్నంత మొత్తం జరిమానాగా చెల్లించవలసి రావచ్చు. విడతలుగా తీసుకున్నా పెళ్లి ఒకే సందర్భం కనుక ఈ నిబంధన నుంచి తప్పించుకోలేరు.

ఒప్పందం కాగితంపైన ఉండాలి. 2020 మార్చిలో లాక్‌డౌన్ మొదలై, ఆ తరువాత పెళ్లికి 50 మంది అతిథులనే అనుమతించినప్పుడు, బయానాల గురించి దేశమంతటా వివాదాలు తలెత్తాయి. వాయిదా పడితే బయానా ఏమవుతుంది, రద్దయితే ఎంత తిరిగి ఇస్తారు, వరద వల్ల మండపం మారితే అదనపు ఖర్చు ఎవరిది అన్న మూడు ప్రశ్నలకు సమాధానం లేని ఒప్పందం అసంపూర్ణం. దానిని కుటుంబ పెద్ద చదవగలిగే భాషలో రాయాలి. తెలుగు మాత్రమే చదవగలిగినవారి చేత ఆంగ్ల పత్రంపై సంతకం చేయించడం ధర్మం కాదు.

పొదుపు మార్గాలు చూపడం కూడా వృత్తిలో భాగమే. సూరత్ ‘సమూహ లగ్న’ సామూహిక వివాహాలకు ప్రసిద్ధి. గుజరాత్ ప్రభుత్వం వీటికి సాయం అందించే పథకాన్ని అమలు చేస్తోంది. తిరుమలలోని కల్యాణ వేదికలో తిరుమల తిరుపతి దేవస్థానం నిబంధనలకు లోబడి ఉచితంగా వివాహాలు జరిపిస్తోంది. వీటిని ప్రస్తావిస్తే ఒక కాంట్రాక్టు చేజారవచ్చు. అయినా అదే కుటుంబం రిసెప్షన్ పనికి తిరిగి పిలుస్తుంది.

చదువు, శిక్షణ, తొలి అడుగు

ఈ వృత్తికి తప్పనిసరి విద్యార్హత, లైసెన్సు ఏవీ లేవు. ఇంటర్ తరువాత ఈవెంట్ మేనేజ్‌మెంట్‌లో డిప్లొమా, బీబీఏ వంటి కోర్సులు పలు నగరాల్లో ఉన్నాయి. హైదరాబాద్‌లోని పర్యాటక, ఆతిథ్య నిర్వహణ సంస్థల్లో చదివినవారూ ఈ రంగంలోకి వస్తున్నారు. కోర్సు ఎంచుకునేటప్పుడు అందమైన బ్రోచరును కాక, గత ఏడాది విద్యార్థులు ఎన్ని వాస్తవ కార్యక్రమాల్లో పనిచేశారో అడిగి తెలుసుకోవాలి. అకౌంటింగ్ ప్రాథమిక పరిజ్ఞానం, స్ప్రెడ్‌షీట్ వాడకం, ప్రథమ చికిత్స శిక్షణ ఏ కోర్సులోనైనా చేరకుండానే సంపాదించుకోవచ్చు.

అసలైన పాఠశాల డెకరేటర్ గోదాము, వంటమేస్త్రీ పొయ్యి. ఒక సీజన్ డెకరేటర్ దగ్గర, మరొక సీజన్ క్యాటరర్ దగ్గర పనిచేసినవారికి ఎంత వస్త్రానికి ఎంత కర్ర కావాలో, 500 మందికి చెప్పిన భోజనానికి 650 మంది వస్తే వంటవారు ఏం చేస్తారో తెలుస్తుంది. క్యాటరర్‌కు ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నమోదు లేదా లైసెన్సు ఉందో లేదో చూడడం కూడా అక్కడే అలవాటవుతుంది.

పెట్టుబడి పెద్దగా అవసరం లేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యమ్ పోర్టల్‌లో 2020 జులై నుంచి సూక్ష్మ సంస్థల నమోదు ఉచితం. రుసుము అడిగే ప్రైవేటు వెబ్‌సైట్లను నమ్మరాదు. 2015లో ఆరంభమైన ముద్ర యోజనలో శిశు విభాగం కింద 50 వేల రూపాయల వరకు, కిశోర్ కింద 5 లక్షల వరకు రుణం లభిస్తుంది. కుర్చీలు, దీపాలు, పందిరి సామగ్రి కొనడానికి తొలి ఏడాదే అప్పు చేయడం తొందరపాటు. సూరత్ వంటి నగరంలో అవన్నీ అద్దెకు దొరుకుతాయి. ఏడాదిలో నాలుగు నెలలు గోదాములో దుమ్ము పట్టే సామగ్రికి పన్నెండు నెలలు వడ్డీ కట్టవలసి ఉంటుంది.

తొలి పని మొత్తం పెళ్లి కానవసరం లేదు. ఒడుగు, గృహప్రవేశం, సీమంతం వంటి చిన్న శుభకార్యాలు, లేదా పెళ్లిలో ఒక్క ‘ఆ రోజు సమన్వయం’ బాధ్యత తీసుకోవచ్చు. చేసిన పనుల ఛాయాచిత్రాలను ప్రచారానికి వాడే ముందు కుటుంబం నుంచి లిఖితపూర్వక అనుమతి పొందాలి. కార్యక్రమం ముగిసిన వారం లోపు రసీదులతో సహా ఖర్చుల పట్టికను, మిగిలిన సొమ్మును కుటుంబానికి అప్పగించాలి. మండపం డిపాజిట్ వాపసు, అద్దె పాత్రల లెక్క, వివాహ రిజిస్ట్రేషన్ దరఖాస్తు అప్పటికీ పెండింగులో ఉంటే, వాటికి తేదీలు వేసిన చిన్న కాగితాన్ని అదే సంచిలో ఉంచాలి.